మందు లేని సూది

ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగాక చాలామంది అడిగేది ఒకటే: "మేడం, డ్రై నీడ్లింగ్ నేర్చుకోమంటారా?" నేర్చుకోమంటాను. వాళ్ళ మొహం వెలిగేలోపే, నేర్చుకున్నాక దాన్ని మరీ నమ్మకండి అని కూడా అంటాను. ఈ రెండో మాట వాళ్ళకి రుచించదు. పెద్దావిడకి కొత్తదంటే పడదు కాబోలు అనుకుంటూ చెప్పులేసుకుంటారు. అలా చెప్పులేసుకుని వెళ్ళినవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం రాజమండ్రిలో ఒక ఎముకల ఆస్పత్రిలో గడిచింది. భుజాలు, మోకాళ్ళు, నడుములు. అందులో భుజం నాకు చిన్నప్పటి నుంచే తెలుసు. మా నాన్న అంతర్వేది దగ్గర సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. వల లాగి లాగి కుడి భుజం పోయింది. మా అమ్మ కొబ్బరినూనె వెచ్చచేసి రాస్తుంటే హాయిగా కళ్ళు మూసుకునేవాడు. తెల్లారితే చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి లేచేది కాదు. హాయిగా ఉండటం వేరు, బాగవడం వేరు అని నాకు కాలేజీలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"పర్లేదండి"

మొదటి ఉద్యోగం కాకినాడలో. అక్కడ మా సీనియర్ ఒకాయన ఉండేవారు. మాట తక్కువ మనిషి. చేరిన కొత్తలో ఒక పేషెంటు, భుజం నొప్పి బాగా తగ్గిందమ్మా అన్నాడు. నేను సంబరంగా వెళ్ళి ఆయనకి చెప్పాను. ఆయన ఆ మనిషిని పిలిచి, చొక్కా విప్పమన్నారు. పాపం అతను ఎడం చేత్తోనే గుండీలు తీసి, ఎడం చేత్తోనే చొక్కా లాక్కుంటున్నాడు. కుడి చెయ్యి మాత్రం ఒంటికి అతుక్కుపోయినట్టే ఉంది. మా సీనియర్ నావైపు చూసి, "తగ్గిందన్నాడు కదమ్మా" అని తన గదిలోకి వెళ్ళిపోయారు.

మన గోదావరి జిల్లాల వాళ్ళకి మర్యాద ఎక్కువ. ఎదుటివాళ్ళు అంత కష్టపడి చేశారు కదా, తగ్గలేదంటే నొచ్చుకుంటారేమో అని ఆలోచిస్తారు. ఎలా ఉందండీ అంటే, "పర్లేదండి" అంటారు. ఆ మాటకి అర్థం తగ్గిందని కాదు, పెరిగిందని కాదు, మిమ్మల్ని బాధపెట్టడం ఇష్టం లేదని. ఆ మాట పట్టుకుని తమ వైద్యం గొప్పదనుకున్న వాళ్ళని నేను చాలామందిని చూశాను. నేనైతే ఆ రోజు నుంచీ నోటి మాట నమ్మడం మానేశాను. జడ వేసుకోమంటాను, వెనక జేబులోంచి పర్సు తీయమంటాను, పై అలమర్లో డబ్బా అందుకోమంటాను. చెయ్యి మర్యాద పాటించదు.

సూది వచ్చిన రోజులు

కిరణ్ మా ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరేనాటికి నేను రిటైర్మెంటుకి దగ్గర పడ్డాను. తణుకు అబ్బాయి. చురుకైనవాడు, చేతి స్పర్శ మంచిది. ఈ రెండోది అందరికీ ఉండదు. చేరిన కొద్ది నెలలకే శని, ఆదివారాల్లో హైదరాబాద్ వెళ్ళి డ్రై నీడ్లింగ్ నేర్చుకొచ్చాడు.

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. ఇది మందు ఎక్కించే సూది కాదు. వెంట్రుక కంటే కొంచెం లావు, లోపల బోలు ఉండదు. కండరంలో బిగుసుకుపోయి, నొక్కితే ప్రాణం లాగేసే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని ముడి అంటాం. వేలితో వెతికి ఆ ముడిలోకి సూది దించుతారు. సరిగ్గా తగిలితే కండరం గాలానికి పడ్డ చేపలాగా ఒక్కసారి అదురుతుంది. తర్వాత కొంత వదులవుతుంది. ఎందుకు వదులవుతుందో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. గట్టిగా తెలిసినవాళ్ళెవరూ నాకు తారసపడలేదు.

వారం తిరక్కుండా ఆస్పత్రి గేటు దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. "సూదితో భుజం నొప్పికి సెలవు" అని పెద్ద అక్షరాలు. పక్కన చెయ్యి పైకెత్తి నవ్వుతున్న ఒకావిడ. ఆవిడెవరో మాలో ఎవరికీ తెలీదు. ఆవిడకి భుజం నొప్పి ఎప్పుడైనా వచ్చిందో లేదో కూడా తెలీదు.

నా అనుమానం సూది మీద కంటే, అది అందరికీ అంత బాగా నచ్చడం మీద. పెద్ద డాక్టరు గారికి నచ్చింది, త్వరగా అయిపోతుంది కాబట్టి. కిరణ్‌కి నచ్చింది, చేతిలో సూది ఉంటే జనం డాక్టరు గారూ అంటారు కాబట్టి. పేషెంట్లకి ఇంకా నచ్చింది, ఇంటికెళ్ళి చేయాల్సిన వ్యాయామం ఏమీ ఉండదు కాబట్టి. ఇందరికి ఇంత అనుకూలంగా ఉన్నది ఏదైనా సరే, నేను వెలుతురులోకి తెచ్చి మళ్ళీ చూస్తాను.

చూడకుండా మాట్లాడకూడదని నా భుజం మీదే వేయించుకున్నాను. ఏళ్ళ తరబడి పేషెంట్ల కాళ్ళూ చేతులూ ఎత్తి ఎత్తి నాకూ మెడ పక్కన ముడులున్నాయి. కిరణ్ బోర్లా పడుకోబెట్టి, పైకండరాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి పైకి లాగి, సూది దించాడు. కండరం అదిరింది. నొప్పి చెవి దాకా పాకింది. మర్నాడు భుజం బరువుగా ఉంది, ఆ మర్నాడు నిజంగానే తేలికైంది. అబద్ధం చెప్పను. ఆ వారం చివరికి మళ్ళీ మామూలే. కిరణ్ వచ్చి ఎలా ఉంది మేడం అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇంకోసారి వేద్దాం అన్నాడు. వద్దన్నాను.

జంగారెడ్డిగూడెం నుంచి పామాయిల్ గెలలు కోసే ఒకాయన వచ్చేవాడు. పొడవాటి గెడ కత్తి పైకెత్తి రోజంతా కోత కోస్తే ఏ భుజమైనా ఏమవుతుంది? రెండు మూడుసార్లు సూది వేశాక బ్రహ్మాండంగా ఉందన్నాడు. చెయ్యి ఎత్తించి చూశాను, నిజంగానే లేచింది. కిరణ్ నావైపు గర్వంగా చూశాడు. నేను ఆ పేషెంటుని పక్కకి పిలిచి, పనికి వెళ్తున్నావా అని అడిగాను. సూది వేసినప్పటి నుంచి గెడ పట్టుకోవద్దని సారు చెప్పారండి, ఇంట్లోనే ఉంటున్నానండి అన్నాడు. మరి సూది తగ్గించిందా, విశ్రాంతి తగ్గించిందా? కిరణ్‌ని అడిగితే రెండూ అన్నాడు. ఆ జవాబులో తప్పులేదు. కానీ ఫ్లెక్సీ మీద సూది ఒక్కటే ఉంది.

సువార్త టీచరు

సువార్త టీచరు గారిది రావులపాలెం దగ్గర పల్లె. గవర్నమెంటు బడిలో లెక్కలు చెప్పేవారు. భర్త ప్రసాదరావు గారు మండలాఫీసులో గుమస్తా. ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి, ఆఫీసు. ఎవరి జోలికీ పోని మనుషులు. ఆవిడ చాలా సన్నగా ఉండేవారు. భుజం ఎముకలు చీర మీద నుంచే తెలిసేవి. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

కుడి భుజం నొప్పి. బోర్డు మీద రాస్తుంటే సలుపు, ఆ పక్కకి తిరిగి పడుకుంటే నిద్ర ఉండదు. మొదట నేనే చూశాను. చేతిని పక్కనుంచి పైకెత్తుతుంటే సగం దూరంలో నొప్పి పట్టేస్తోంది, ఆ గండం దాటితే పైదాకా వెళ్తోంది. మోచెయ్యి నడుముకి ఆనించి చేతిని బయటికి తిప్పితే సులువుగానే తిరుగుతోంది. అంటే కీలు బిగుసుకుపోలేదు. చేతిని పైకెత్తే స్నాయువు, అంటే కండని ఎముకకి కలిపే పట్టీ, దెబ్బతింది. దాన్ని కాపాడుకోబోయి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకున్నాయి. ముడులున్న మాట నిజం, కానీ అవి నొప్పికి మూలం కాదు. నెమ్మదిగా బరువు పెంచుకుంటూ కొన్ని నెలలు వ్యాయామం చేయాలని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

పెద్ద డాక్టరు గారు మాత్రం కిరణ్ దగ్గరికి పంపమన్నారు. నేను వెళ్ళి నా అభిప్రాయం చెప్పాను. ఆయన కసురుకోలేదు.

"మూలం సంగతి తర్వాత చూద్దాం రత్నం గారూ. ముందు కాస్త నొప్పి తగ్గితే, ఆవిడ మీ వ్యాయామాలు చేస్తారు."

అదేం తీసిపారేసే వాదన కాదు. ఆయన మంచి సర్జన్. హైవే మీద ప్రమాదాల్లో నుజ్జయిన కాళ్ళని ఆయన నిలబెట్టడం నేను చూశాను. అందుకే ఆయన మాట కాదనడం కష్టంగా ఉండేది.

మొదటిసారి సూది బాగానే జరిగింది. రెండోసారి ఆవిడ వచ్చిన రోజు పండగ సెలవు మర్నాడు. వరండా నిండా జనం. మంచాలు ఖాళీ లేవు. కిరణ్ ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టి సూది వేశాడు. కూర్చున్న మనిషి భయంతో భుజాలు బిగించి ముందుకి వంగుతుంది. వేళ్ళతో పట్టి పైకి లాగడానికి ఆ సన్నటి భుజంలో కండ ఎక్కడుంది? ఆ కండరం కింద, మనం అనుకున్న దానికంటే చాలా దగ్గరలో, ఊపిరితిత్తి కొన ఉంటుంది. మెడ మొదలు దాకా వస్తుందది. పుస్తకంలో అందరం బొమ్మ గీసినవాళ్ళమే. సూది దిగగానే ఆవిడకి దగ్గొచ్చిందట. కిరణ్ ఏంటండీ అని అడిగితే, పర్లేదండి అన్నారట. ఈ సంగతి అతనే తర్వాత చెప్పాడు. ఆవిడ నీళ్ళు తాగి, భర్తతో కలిసి రాజమండ్రిలోనే ఉన్న చెల్లెలి ఇంటికి భోజనానికి వెళ్ళారు.

ఊపిరి తీస్తే నొప్పా, చెయ్యి కదిపితే నొప్పా

మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పుకుని కూర్చున్నాను. రిసెప్షన్‌లో పనిచేసే దుర్గ కూడా వచ్చి కూర్చుంది. మాటల మధ్యలో, పొద్దున సూది వేయించుకున్న టీచరు గారు ఫోన్ చేశారని, నొప్పిగా ఉందంటే అది మామూలేనండి, రేపటికి తగ్గిపోతుందని చెప్పానని అంది. సూది వేసిన చోట ఒకటి రెండు రోజులు నొప్పి ఉంటుందని మేమే తనకి నేర్పాం. తన తప్పేం లేదు.

"ఎక్కడ నొప్పన్నారు?" అని అడిగాను.

"గుండెల్లో పట్టేసినట్టుందన్నారండి."

నేను క్యారేజీ అలాగే వదిలి ఫోన్ చేశాను. ప్రసాదరావు గారు ఎత్తారు. ఆవిడకి ఇవ్వమన్నాను.

"టీచరు గారూ, నేను రత్నాన్ని. చెయ్యి కదిపితే నొప్పా, ఊపిరి తీస్తే నొప్పా?"

"ఊపిరి... తీస్తేనేనండి."

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"కూర్చున్నా... వస్తోందండి."

ఆవిడ మాట మధ్యలో ఆగుతున్నారు. లెక్కల టీచరు, బడిలో గంటసేపు గుక్కతిప్పుకోకుండా పాఠం చెప్పే మనిషి. మూడు మాటలకి గాలి చాలడం లేదు. ప్రసాదరావు గారికి ఫోన్ ఇమ్మని, భోజనం సంగతి తర్వాత, ఉన్నపళంగా ఆటోలో తీసుకురండి, పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే తీసుకురండి అని చెప్పాను. ఏమైందండీ అన్నారాయన. వచ్చాక చెప్తాను, ముందు బయల్దేరండి అన్నాను.

వాళ్ళు వచ్చేలోపు కిరణ్‌ని పిలిచి ఏ కోణంలో వేశావని అడిగాను. చేత్తో చూపించబోయి మధ్యలో ఆగిపోయాడు.

ఎక్స్‌రేలో తెలిసిపోయింది. కుడి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది, ఊపిరితిత్తి లోపలికి ముడుచుకుపోయింది. ఛాతీ డాక్టరు గారిని పిలిపించారు. పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి గాలి తీయాలన్నారు. పెద్ద డాక్టరు గారు అప్పటికప్పుడు అన్నీ ఏర్పాటు చేశారు, ఆ విషయంలో క్షణం జాప్యం చేయలేదు. గొట్టం వేసేముందు సువార్త గారు నా చెయ్యి పట్టుకున్నారు. సూది నొప్పి ఇలాగే ఉంటుందేమోనని సాయంత్రం దాకా ఆగుదామనుకున్నానండి, ఆయన్ని అనవసరంగా కంగారు పెట్టడం ఎందుకని, అన్నారు. సాయంత్రం దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిప్పటికీ ఇష్టం ఉండదు.

పెద్ద డాక్టరు గారి గది

గొట్టం వేశాక డాక్టరు గారు నన్నూ కిరణ్‌నీ గదిలోకి పిలిచి తలుపు వేశారు. గొంతు పెంచలేదు. ఊపిరితిత్తి ఇలా ముడుచుకుపోవడం ఏ సూదీ లేకుండా కూడా జరుగుతుందని, సన్నటి మనుషుల్లో దానంతట అదే వస్తుందని అన్నారు. ఆయన చెప్పింది నిజమే. అలాంటి కేసులు ఉన్నాయి.

"వాళ్ళాయన అడిగితే అదే చెప్పండి. ఊపిరితిత్తి బలహీనంగా ఉంది, ఈరోజు బయటపడింది. అంతే."

ఉద్యోగంలో నేను విన్న అబద్ధాల్లో ప్రమాదకరమైనవన్నీ ఇలాగే ఉండేవి. అందులో ఒక నిజం ముక్క పెట్టి ఉంటుంది. ఎవరైనా నిలదీస్తే ఆ ముక్క తీసి చూపించవచ్చు. మీరు ఈ వృత్తిలోకి వస్తున్నారు కాబట్టి చెప్తున్నాను, అలాంటి మాట చెప్పమని మిమ్మల్నీ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. అడిగేది దుర్మార్గుడు అయి ఉండడు. మీరు గౌరవించే మనిషే అడుగుతాడు.

నేను ఆ మాట చెప్పలేనని అన్నాను.

"మీరు రేపో మాపో రిటైరవుతారు. ఈ కుర్రాడు ఇంకా బతకాలి కదండీ" అన్నారాయన.

కిరణ్ తల వంచుకుని నిలబడ్డాడు. అది నాకు నచ్చలేదు. కొత్త పెళ్ళికొడుకు, ఇంకా నిలదొక్కుకోని ఉద్యోగం, గోడ మీద సర్టిఫికెట్. డాక్టరు గారు చూపించిన దారి ఎంత సులువుగా ఉందో నాకు కనిపిస్తూనే ఉంది. తలుపు తీసుకుని అతను బయటికి వెళ్తుంటే నేను వెనకాలే వెళ్ళాను. ధైర్యం చెప్పడానికి కాదు. ఏం చెప్తాడో వినడానికి. అతను అబద్ధం చెప్తే, పక్కనే నిలబడి నిజం చెప్పాలని నిర్ణయించుకున్నాను.

ప్రసాదరావు గారు వరండా చివర బల్ల మీద కూర్చుని ఉన్నారు. భార్య చెప్పులు, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నారు. మమ్మల్ని చూసి లేచారు.

"నేనేనండి సూది వేసింది" అన్నాడు కిరణ్. ఇంకాస్త గట్టిగా మళ్ళీ చెప్పాడు. "నా సూది ఊపిరితిత్తికి తగిలిందండి. దానివల్లే ఇలా అయింది."

ప్రసాదరావు గారు అరుస్తారని, చెయ్యి చేసుకుంటారని నేను అనుకున్నాను. అడ్డం వెళ్ళడానికి ఒక అడుగు ముందుకేశాను కూడా.

"ప్రాణానికి భయం లేదు కదా బాబూ?" అని అడిగారు.

"లేదండి. గాలి బయటికి వస్తోంది. ఊపిరితిత్తి మళ్ళీ విచ్చుకుంటుందన్నారు."

"అయితే నువ్వు ఇక్కడే ఉండు. ఎటూ వెళ్ళకు."

కిరణ్ ఆ బల్ల మీదే, ఆయన పక్కన కూర్చున్నాడు. నేను నర్సుతో మాట్లాడి తిరిగొచ్చేసరికి చెప్పులు ఆయన ఒళ్ళోంచి బల్ల కిందికి చేరాయి.

కిరణ్ నిజాయితీగా చెప్పాడా, ఎలాగూ నేను చెప్పేస్తానని భయపడి చెప్పాడా? నాకు తెలీదు. అతన్నే ఒకసారి అడిగాను. "ఆలోచించలేదు మేడం, ఆయన ఒళ్ళో చెప్పులు చూశాక వేరే మాట రాలేదు" అన్నాడు. నమ్మాలనే ఉంది. సగం నమ్మాను.

పిల్లలకి చెప్పాల్సినవి

కొన్ని రోజుల్లో ఆవిడ ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుంది. గొట్టం తీసి ఇంటికి పంపారు. వాళ్ళు కేసు పెట్టలేదు, గొడవ చేయలేదు. ఫ్లెక్సీ దించేశారు. వర్షాలు వెలిశాక కొత్తది కట్టారు. దాని మీద భుజంతో పాటు మోకాలు, నడుము కూడా చేరాయి. చెయ్యి ఎత్తి నవ్వే ఆవిడ మాత్రం అలాగే ఉంది.

సూది పనికిరాదని నేననను. సరిగ్గా ఎంచుకున్న మనిషికి, సరిగ్గా వేస్తే, కొంతకాలం నొప్పి తగ్గుతుంది. ఆ కొంతకాలంలో భుజానికి బలం తెచ్చే పని జరగాలి. జరగకపోతే మీరు వేసింది మా అమ్మ రాసిన కొబ్బరినూనె లాంటిదే, కాకపోతే కొబ్బరినూనెకి ఊపిరితిత్తి దాకా వెళ్ళే దారి లేదు.

చక్కెర జబ్బు ఉన్న మనిషి చెయ్యి బయటికి తిరక్కపోతే, అది కీలు బిగుసుకోవడం. ముడులు వెతుక్కుంటూ కూర్చోకండి. ఎడమ భుజం నొప్పి అంటూ చెమటలు పడుతున్న మనిషి వస్తే, చెయ్యి ఎత్తించే ముందు గుండె డాక్టరు దగ్గరికి పంపండి. మెడ పక్క కండరంలో సూది వేయాలంటే పడుకోబెట్టి వేయండి. మంచం ఖాళీ లేకపోతే ఆ రోజుకి వేయకండి. వేళ్ళ మధ్య కండ పట్టు చిక్కకపోతే అసలే వద్దు. సూది తర్వాత ఎవరైనా ఫోన్ చేసి నొప్పి అంటే, ఆ ఫోన్ మీరే ఎత్తండి. ఊపిరికీ నొప్పికీ సంబంధం ఉందేమో అడగండి. ఉందంటే మందు బిళ్ళ పేరు చెప్పకండి, ఎక్స్‌రే తీయించండి.

ఇంకొకటి. వేసే ముందు, ఏం జరగొచ్చో పేషెంటుకి చెప్పండి. భయపడి వెళ్ళిపోతారని మీ పైవాళ్ళు అంటారు. కొందరు వెళ్ళిపోతారు. వెళ్ళిపోనివ్వండి.

మళ్ళీ వచ్చిన రోజు

నేను రిటైర్ కావడానికి కొద్దిగా ముందు సువార్త టీచరు గారు మళ్ళీ వచ్చారు. వెంట ప్రసాదరావు గారు ఉన్నారు. చూడగానే నా మనసు కీడు శంకించింది. ఇన్నాళ్ళకి లాయరు మాట విని వచ్చారేమో అనుకున్నాను. భుజం ఎలా ఉందని అడిగితే, ఏ మార్పూ లేదన్నారు. ఊపిరితిత్తి సంగతి చూసుకోవడంలో భుజాన్ని అందరం మర్చిపోయాం. అది అలాగే సలుపుతోంది.

నేను చూస్తాను రండి అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఆ అబ్బాయి ఉన్నాడా అని అడిగారు.

కిరణ్ ఆ మధ్య సూదులు ముట్టుకోవడం లేదు. డాక్టరు గారు చెప్పినా ఏదో ఒక వంక పెట్టి తప్పించుకుంటున్నాడు. ఆవిడని చూసి తెల్లబోయాడు. నమస్కారం పెట్టి, కూర్చోమనడం కూడా మర్చిపోయాడు. ఆవిడే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"వేయమని రాలేదు బాబూ, తిట్టడానికీ రాలేదు. నా భుజంలో ఏముంది, మీరేం చేద్దామనుకుంటున్నారు, చేస్తే ఏమవుతుంది, చేయకపోతే ఏమవుతుంది? మొత్తం చెప్పండి. పోయినసారి నాకెవరూ చెప్పలేదు. విన్నాక నేను చెప్తాను."

కిరణ్ నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అతను మొదలుపెట్టాడు. మొదట తడబడ్డాడు. తర్వాత తన భుజం మీదే వేలు పెట్టి చూపిస్తూ స్నాయువు ఎక్కడుందో, ముడులు ఎందుకు వస్తాయో చెప్పాడు. వ్యాయామం ఎంతకాలం చేయాలో చెప్పి, మొదట్లో నొప్పి కొంచెం పెరగొచ్చన్నాడు. తర్వాత సూది దగ్గరికి వచ్చాడు. దానివల్ల ఎంత మేలు ఉండొచ్చో, ఎంతకాలం ఉండొచ్చో చెప్పాడు. రెక్క ఎముక మీద వేస్తే కింద ఎముక అడ్డం ఉంటుందని, మెడ పక్కన అలా అడ్డం ఏదీ ఉండదని చెప్పాడు. ఆ రోజు తను ఎక్కడ వేశాడో, కోణం ఎలా తప్పిందో, కూర్చోబెట్టి ఎందుకు వేయకూడదో, అదీ చెప్పాడు. ఆవిడ మధ్యలో అడ్డు తగల్లేదు. పిల్లాడు బోర్డు దగ్గర లెక్క చేస్తుంటే వెనక బెంచీలోంచి చూస్తున్నట్టు చూశారు. ప్రసాదరావు గారు గుమ్మంలో నిలబడి విన్నారు.

అతను ముగించాడు.

"సూది వద్దు" అన్నారు ఆవిడ.

కిరణ్ సరేనండి అన్నాడు. ఒక్కసారి వేసి చూద్దామండి అనలేదు. డాక్టరు గారిని అడిగొస్తాననలేదు. మేజా మీదున్న సూదుల పెట్టె మూసి బీరువాలో పెట్టేశాడు. స్టూలు దగ్గరికి జరుపుకుని, ఆవిడ మోచెయ్యి కింద తన అరచెయ్యి పెట్టి, నెమ్మదిగా పైకి ఎత్తడం మొదలుపెట్టాడు. నొప్పి వచ్చిన చోట చెప్పమన్నాడు. ఆవిడ చెప్పారు. అతను అక్కడే ఆపాడు.

అన్నేళ్ళ ఉద్యోగంలో మా గదిలో ఒక పేషెంటు వద్దు అనడం, ఆ మాట చెల్లడం నేను చూసింది అదే మొదటిసారి.